కోయ పడిగె, కృత్రిమ మేధ: అనుమతి ఎవరిది?

పడిగె అంటే భద్రాచలం, మణుగూరు, ములుగు అడవుల్లోని కోయలు తమ ఇలవేల్పుల వంశచరిత్రను బొమ్మలుగా నిలుపుకున్న త్రికోణాకారపు గుడ్డ. కోయ గోత్రాలు గట్లుగా విడివడి ఉంటాయి. ఏ గట్టు పడిగె ఆ గట్టుదే. వేల్పుల కొలుపులో దాన్ని విప్పి, డోలి వాయిస్తూ అందులోని కథ చెప్పడం డోలి కుటుంబాల వంతు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ వరుసలోని కళాకారుడు. సమ్మక్క సారలమ్మ గాథలను కోయలోనూ తెలుగులోనూ పాడిన ఆయనకు 2022లో పద్మశ్రీ దక్కింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. బొమ్మ, పాట, పాడే మనిషి, వినే గోత్రం ఒకచోట ఉన్నప్పుడే పడిగె పూర్తవుతుంది. చిత్రాలు గీసే, పాటలు కట్టే కృత్రిమ మేధకు అందేది ఫొటో, రికార్డింగు మాత్రమే. గోత్రం అందులోకి రాదు. కోయల సాంస్కృతిక అస్తిత్వానికి సంబంధించిన నైతిక ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

అనుమతి ఎవరిదన్న ఈ ప్రశ్నకు మన కాపీరైటు చట్టం జవాబివ్వదు. 1957 నాటి ఆ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం, కంప్యూటరు తయారుచేసిన రచనకు కర్త దాన్ని తయారు చేయించిన వ్యక్తి. పాడినవారికి ప్రదర్శకుల హక్కు ఉంది, రికార్డు చేసినవారికి రికార్డింగుపై హక్కు ఉంది. తరతరాలుగా కథను కాపాడిన గట్టుకు మాత్రం ఏదీ లేదు. అయితే భద్రాచలం ఏజెన్సీ ఐదో షెడ్యూలు ప్రాంతం. ఇక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. సంస్కృతి విషయానికొస్తే, 1996 నాటి పెసా చట్టం నాలుగో సెక్షను గిరిజనుల సంప్రదాయాలనూ సాంస్కృతిక అస్తిత్వాన్నీ కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందని స్పష్టంగా చెబుతోంది. కోయ పాటనో పడిగెనో యంత్రానికి శిక్షణ సామగ్రిగా ఇచ్చే ముందు గ్రామసభ సమ్మతి తీసుకోవాలనడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. 2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా చెప్పినవారు నాలుగు లక్షల పైచిలుకు. 2025 సెప్టెంబరులో కేంద్రం విడుదల చేసిన ఆదివాణి అనువాద సాధనం సంతాలీ, భీలీ, ముండారీ, గోండీలతో మొదలైంది. ఆ నాలుగింటిలో కోయ లేదు. సమ్మతి పేరుతో తలుపు మూస్తే భాష మరింత వెనకబడదా? అనుమతి అడగడం తలుపు మూయడం కాదని న్యూజీలాండ్ మావోరీలు చూపించారు. టె హికు మీడియా అనే మావోరీ సంస్థ 2018లో పది రోజుల్లో 300 గంటలకు పైగా మాటలను జనం చేత చదివించి సేకరించింది, ఆ సామగ్రిపై అధికారాన్ని తన జాతి చేతిలోనే ఉంచుకుని మాటను గుర్తించే సాధనాన్ని తయారుచేసుకుంది. మన దగ్గర ఆదిలాబాద్ ఉపాధ్యాయుడు తొడసం కైలాష్ కృత్రిమ మేధతో కొలామీలో పాట కట్టారు; 2025 ఫిబ్రవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో ఆయన్ను ప్రస్తావించారు. ఆ పరికరాన్ని ఎవరు, ఎవరి కోసం వాడుతున్నారన్నదే చూడాలి.

సమ్మక్క కథను సినిమాలూ బుర్రకథలూ ఎవరినీ అడక్కుండానే చెప్పుకున్నాయి కదా, ఇప్పుడెందుకీ పట్టింపు అనేవారూ ఉంటారు. బుర్రకథ చెప్పినవాడు ఎదురుగా ఉంటాడు. తప్పు చెబితే నిలదీయవచ్చు. యంత్రం చెప్పినదానికి అలా పూచీపడే మనిషి ఉండడు. పైగా ప్రతాపరుద్రుడితో యుద్ధంగా సాగే తెలుగు కథనం అచ్చులో కొల్లలుగా ఉంది. డోలి నోట గోత్రాల వరుసతో నడిచే కథ అచ్చులో బహు కొద్ది. యంత్రం ఎక్కువగా ఉన్నదాన్నే నేర్చుకుని, దాన్నే కోయ గాథ అని తిరిగి ఇస్తుంది. రేపు కోయ పిల్లలు ఫోన్లో ముందుగా వినేది అదే కావచ్చు. పాత అరువుకూ దీనికీ తేడా ఇదే, ఇది చిన్న తేడా కాదు. కోయలు నాలుగు రాష్ట్రాల్లో ఉన్నారు, అందరి తరఫున సమ్మతి ఎవరిస్తారన్నదీ న్యాయమైన సందేహమే. చాలాచోట్ల గ్రామసభలు కాగితాలకే పరిమితమన్నదీ నిజం. అయినా ఫలానా పడిగె ఏ గట్టుదో కోయలకు తెలుసు. ఆ గట్టు పెద్దలనూ దాని డోలి కుటుంబాలనూ అడగడంతో పని మొదలుపెట్టవచ్చు. డోలి పాటలనూ పడిగెల ఫొటోలనూ ఇప్పటికే సేకరించిన విశ్వవిద్యాలయాలు, భద్రాచలం ఐటీడీఏ ప్రతి రికార్డింగు మీదా గట్టు పేరు, పాడినవారి పేరు రాయాలి. వారి సమ్మతి లేకుండా ఒక్కటి కూడా శిక్షణకు ఇవ్వకూడదు.