సమాన నియమాలు, అసమాన కళాశాలలు: యుద్ధానికి పూర్వం ఒక అమెరికన్ ఫుట్‌బాల్ సంఘం

అమెరికా కళాశాలల క్రీడలు చాలాకాలంగా 'కాన్ఫరెన్స్' అనే ఏర్పాటు మీద నడుస్తున్నాయి. ఒక ప్రాంతంలోని కొన్ని కళాశాలలు ఒడంబడిక చేసుకుని, ఆటగాళ్ల అర్హతకు ఉమ్మడి నియమాలు రాసుకుని, ఏటా తమలో తాము పోటీపడి విజేతను తేల్చుకునే సంఘమే కాన్ఫరెన్స్. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1894లో పుట్టి 1942లో రద్దయిన సదరన్ ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ అటువంటి సంఘాల్లో తొలితరానికి చెందింది. తన జీవితకాలంలో మొదటి సగం పెద్ద విశ్వవిద్యాలయాలకు, రెండో సగం ప్రధానంగా చిన్న కళాశాలలకు అది నిలయమైంది. చరిత్ర గ్రంథాలు మొదటి సగాన్ని విస్తారంగా వర్ణించి, రెండో ప్రపంచయుద్ధానికి ముందరి చివరి దశాబ్దాన్ని ఒకటి రెండు వాక్యాలతో దాటేస్తాయి. కాని వనరుల్లో సమానం కాని విద్యాసంస్థలు ఒకే నియమావళి కింద కలిసి ఆడగలవా అన్న ప్రశ్న ఆ సంఘం పుట్టుకలోనే ఉంది, దానికి జవాబు దొరకకపోవడం వల్ల కలిగిన ఫలితం ఆ చివరి దశాబ్దంలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే భారతదేశంలో ఆ పేరుతో ఆడే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరిగెత్తుతూ, ముందుకు విసురుతూ, జట్టుకు 11 మంది చొప్పున వంద గజాల మైదానంలో తలపడే అమెరికన్ ఆట అది. బంతిని ప్రత్యర్థి గీత దాటించడాన్ని టచ్‌డౌన్ అంటారు, దానికి 1912 నుంచి 6 పాయింట్లు ఇస్తున్నారు. 1890ల్లో ఈ ఆట దక్షిణ రాష్ట్రాలకు విస్తరించినప్పుడు ఎవరు విద్యార్థి, ఎవరు కారు అని అడిగే వ్యవస్థ ఏదీ లేదు. 1893 నవంబరులో జార్జియా విశ్వవిద్యాలయాన్ని జార్జియా టెక్ జట్టు 28–6తో ఓడించినప్పుడు, గెలిచిన జట్టులో ప్రధాన ఆటగాడు లియొనార్డ్ వుడ్ అనే 33 ఏళ్ల సైనిక వైద్యుడు. సమీపంలోని సైనిక స్థావరంలో ఉద్యోగం చేస్తూ, ఆడే అర్హత కోసం కళాశాలలో పేరు నమోదు చేయించుకున్న ఆయన తరువాతి కాలంలో అమెరికా సైన్యానికి ప్రధానాధికారి అయ్యాడు. ఇటువంటి ఉదంతాలు ఒకటి రెండు కావు. అందుకే వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడైన విలియం డడ్లీ చొరవతో 1894 డిసెంబరు 22న ఏడు సంస్థల ప్రతినిధులు అట్లాంటాలో సమావేశమై, కళాశాల జట్టులో నిజమైన విద్యార్థులే, అదీ జీతం పుచ్చుకోకుండా ఆడాలన్న లక్ష్యంతో అసోసియేషన్‌ను స్థాపించారు. మరుసటి ఏడాదికే టెనెసీ, ట్యులేన్, లూసియానా స్టేట్ వంటి అనేక సంస్థలు అందులో చేరాయి.

ఆ తొలినాళ్లలో చిన్న, పెద్ద అన్న తేడా మైదానంలో అంతగా కనిపించలేదు. టెనెసీ కొండల మీద ఎపిస్కోపల్ చర్చి నడిపే సెవానీ కళాశాల 1899లో ఆడిన 12 ఆటలనూ గెలిచి, మొత్తం 322 పాయింట్లు సాధించి, ప్రత్యర్థులకు 10 మాత్రమే ఇచ్చింది. ఆ సీజన్‌లో సెవానీ ఆటగాళ్లు రైల్లో సుమారు 2,500 మైళ్లు తిరిగి, నవంబరు 9 నుంచి 14 వరకు ఆరు రోజుల వ్యవధిలో, మధ్యలో ఆదివారం ఒక్కరోజే విశ్రాంతి తీసుకుని, టెక్సస్, టెక్సస్ ఎ అండ్ ఎమ్, ట్యులేన్, లూసియానా స్టేట్, మిసిసిపీ జట్లను వరుసగా ఓడించారు. ఆ ఐదు ఆటల్లోనూ ప్రత్యర్థులకు ఒక్క పాయింటైనా దక్కలేదు.

ఈ సమతూకం క్రమంగా చెదిరింది. నగరాల్లోని విశ్వవిద్యాలయాలు విద్యార్థుల సంఖ్యలోను, ప్రేక్షకుల రాబడిలోను పెరిగేకొద్దీ చిన్న కళాశాలలకు వాటితో పోటీ అసాధ్యమైంది. 1916 అక్టోబరు 7న జాన్ హైస్మన్ శిక్షణలోని జార్జియా టెక్ జట్టు కంబర్లాండ్ కళాశాలను 222–0తో ఓడించడం ఆ అంతరానికి పరాకాష్ఠ. కంబర్లాండ్ అప్పటికే ఫుట్‌బాల్ మానుకుంది, కాని ఒప్పందం ప్రకారం ఆడకపోతే చెల్లించవలసిన జరిమానాకు భయపడి, దొరికిన విద్యార్థులతో జట్టు కట్టి పంపింది. అయితే దీనికి భిన్నమైన ఘట్టం కూడ ఉంది. కెంటకీ రాష్ట్రంలో డాన్విల్ అనే చిన్న పట్టణంలో ఉన్న సెంటర్ కళాశాల, విద్యార్థులు కొన్ని వందలకు మించకపోయినా, 1921 అక్టోబరు 29న హార్వర్డ్ విశ్వవిద్యాలయాన్ని వారి సొంత మైదానంలోనే 6–0తో ఓడించింది. బో మెక్‌మిలిన్ 32 గజాలు పరిగెత్తి సాధించిన టచ్‌డౌన్ తప్ప ఆ ఆటలో మరో స్కోరు లేదు. చిన్న కళాశాల కూడ దేశంలోని మేటి జట్టును ఓడించగలదన్న ఆశకు ఆ విజయం చాలాకాలం ఆధారమైంది.

అసలు చీలిక మాత్రం మైదానంలో కాక సమావేశ మందిరంలో వచ్చింది. 1920 డిసెంబరులో ఫ్లోరిడా రాష్ట్రం గెయిన్స్‌విల్‌లో జరిగిన అసోసియేషన్ సమావేశంలో రెండు విషయాల మీద వాదం నడిచింది. మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడవచ్చా అన్నది మొదటిది. వేసవి సెలవుల్లో ఊరూరి బేస్‌బాల్ జట్లకు డబ్బు తీసుకుని ఆడిన విద్యార్థి కళాశాల జట్టుకు అర్హుడా అన్నది రెండోది. పెద్ద సంస్థలు రెండింటినీ నిషేధించాలన్నాయి. చిన్న కళాశాలల వాదం వేరు: మూడు వందల మంది విద్యార్థులున్న చోట మొదటి సంవత్సరం వారిని పక్కనపెడితే జట్టు కట్టడమే కష్టమవుతుంది, వేసవి సంపాదన మీద చదువు సాగించే పేద విద్యార్థికి రెండో నిషేధం చదువునో ఆటనో వదులుకోమని చెప్పినట్లవుతుంది. సంఖ్యాబలం ఉన్న చిన్న కళాశాలలు ఓటింగులో నెగ్గాయి. ఓడిన పెద్ద సంస్థలు 1921 ఫిబ్రవరిలో అట్లాంటాలో సదరన్ కాన్ఫరెన్స్ అనే కొత్త సంఘాన్ని స్థాపించుకున్నాయి. అందులోంచి 13 సంస్థలు 1932 డిసెంబరులో మళ్లీ విడిపోయి సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌గా ఏర్పడ్డాయి. కళాశాల క్రీడల్లోని వ్యాపార ధోరణిని, రహస్య చెల్లింపులను కార్నెగీ ఫౌండేషన్ 1929 అక్టోబరులో ఒక పెద్ద నివేదికలో ఎండగట్టినా, 1935లో సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఆటగాళ్లకు స్కాలర్‌షిప్‌లను బాహాటంగా అనుమతించింది. దక్షిణాదిలో పెద్దల దారి, చిన్నల దారి ఆ నిర్ణయంతో పూర్తిగా వేరయ్యాయి.

పెద్దలు వెళ్లిపోయిన తరువాత అసోసియేషన్ చిన్నది కాలేదు, ఇంకా విస్తరించింది. 1930ల్లో సౌత్ కారొలైనా నుంచి లూసియానా వరకు, కెంటకీ నుంచి ఫ్లోరిడా వరకు సుమారు ముప్పై కళాశాలలు అందులో ఉండేవి. వాటిలో మూడు రకాలను గుర్తించవచ్చు. వాఫర్డ్, ప్రెస్బిటీరియన్, న్యూబెరీ, ఎర్స్కిన్, మెర్సర్, మిసిసిపీ కాలేజ్, మిల్సాప్స్ వంటి చర్చి కళాశాలలు మొదటి రకం. ఉపాధ్యాయులను తయారుచేయడానికి రాష్ట్ర ప్రభుత్వాలు స్థాపించిన వెస్టర్న్ కెంటకీ, ఈస్టర్న్ కెంటకీ, మర్రే వంటి కళాశాలలు రెండో రకం. మయామి, టాంపా వంటి కొత్త నగర విశ్వవిద్యాలయాలు మూడో రకం. సభ్యులందరూ శ్వేతజాతి విద్యార్థుల సంస్థలే. ఆనాటి జాతి వివక్ష చట్టాల కారణంగా నల్లజాతి కళాశాలలు 1913లో అట్లాంటాలోనే వేరుగా సదరన్ ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌ను ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది, అందులో క్లీవ్ ఆబట్ శిక్షణలోని టస్కీగీ జట్టు అత్యంత బలమైనదిగా పేరు పొందింది. ఇంచుమించు ఒకే పేరుతో, ఒకే ప్రాంతంలో, ఒకే ఆట ఆడిన ఈ రెండు సంఘాల జట్లు మైదానంలో ఒకదానికొకటి ఎదురుపడే అవకాశమే లేకపోవడం ఆ కాలపు అన్యాయానికి నిదర్శనం. చిన్న కళాశాలలు సమాన అవకాశం కోసం చేసిన వాదాన్ని చదివేటప్పుడు, ఆ సమానత్వానికి అవి గీసుకున్న ఈ హద్దును కూడ లెక్కలోకి తీసుకోవాలి.

యుద్ధానికి ముందరి సీజన్ ఒక నిర్దిష్టమైన క్రమంలో సాగేది. సెప్టెంబరు చివర చిన్న కళాశాల పెద్ద విశ్వవిద్యాలయానికి అతిథిగా వెళ్లేది. గెలుపు మీద ఆశ తక్కువే అయినా, ఆతిథ్య సంస్థ ముందుగా ఒప్పుకున్న నిర్ణీత మొత్తం చేతికందేది, ఆ సొమ్ముతో మిగిలిన సీజన్ ఖర్చులు గడిచేవి. ప్రెస్బిటీరియన్ కళాశాల 1930 నుంచి దాదాపు ఏటా తన సీజన్‌ను క్లెమ్సన్ మైదానంలో మొదలుపెట్టడం ఈ ఆనవాయితీకి మంచి ఉదాహరణ. అక్టోబరు, నవంబరు నెలల్లో తోటి కళాశాలలతో ఆటలు ఉండేవి. చివరిగా, అప్పట్లో నవంబరు ఆఖరి గురువారం నాడు వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగకు ఇరుగుపొరుగు కళాశాలల మధ్య ఏడాదంతా ఎదురుచూసే పోటీ జరిగేది. ఆ ఒక్కరోజు టిక్కెట్ల రాబడి అనేక చిన్న కళాశాలల క్రీడా ఖాతాకు ప్రాణాధారం. అందుకే 1939లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వ్యాపారుల కోరిక మీద ఆ పండుగను ఒక వారం ముందుకు జరిపినప్పుడు, అప్పటికే ఆటల తేదీలు ఖరారు చేసుకున్న కళాశాలల నుంచి తీవ్రమైన నిరసన వచ్చింది. కొన్ని రాష్ట్రాలు కొత్త తేదీని, కొన్ని పాత తేదీని పాటించడంతో, సరిహద్దుకు ఇరువైపులా ఉన్న కళాశాలలకు సెలవు రోజే కలవని పరిస్థితి ఏర్పడింది.

ఆట తీరు కూడ చిన్న కళాశాలకు కొంత అనుకూలంగా ఉండేది. 1940 వరకు ఒకసారి మైదానం విడిచిన ఆటగాడు ఆ క్వార్టర్‌లో, అంటే ఆటలోని ఆ నాలుగో వంతు ముగిసేవరకు, తిరిగి రాకూడదన్న నియమం ఉండేది. అందువల్ల బంతి తమ చేతిలో ఉన్నప్పుడు దాడి చేసేవారు, ప్రత్యర్థి చేతిలో ఉన్నప్పుడు అడ్డుకునేవారు దాదాపు ఆ 11 మందే. దృఢమైన పదిహేను, ఇరవై మంది విద్యార్థులుంటే జట్టు నిలబడేది. ఆటగాళ్ల మార్పిడికి స్వేచ్ఛనిచ్చిన 1941 నియమం యుద్ధకాలంలో ఆటగాళ్ల కొరతను తట్టుకోవడానికి ఉపకరించింది. అయితే దాడికి ఒక జట్టు, అడ్డుకోవడానికి మరో జట్టు పెట్టుకునే పద్ధతికి యుద్ధానంతరం అదే దారితీసి, ఎక్కువ మంది ఆటగాళ్లను పోషించగల పెద్ద సంస్థలకు లాభించింది.

విజేతను నిర్ణయించే విధానంలోనే సంఘం బలహీనత బయటపడుతుంది. ముప్పై కళాశాలలు రెండు నెలల్లో అన్నీ అన్నింటితో ఆడటం అసాధ్యం, దూర ప్రయాణాలకు డబ్బూ లేదు. ప్రతి కళాశాలా తనకు వీలైన ప్రత్యర్థులను తానే ఎంచుకునేది, ఆడిన ఆటల్లో గెలుపు శాతాన్ని బట్టి స్థానాలు లెక్కించేవారు. నాలుగు ఆటలు ఆడి నాలుగూ గెలిచిన జట్టు ఉందనుకుంటే, బలమైన ప్రత్యర్థులతో ఎనిమిది ఆడి ఏడు గెలిచిన జట్టు కంటే అదే పైన నిలుస్తుంది. ఒకే ఏడు అజేయంగా మిగిలిన రెండు జట్లు ఒకదాన్నొకటి చూడనైనా లేకపోవచ్చు. కనుక సభ్యులు అసలు బంధాలను లోపలి చిన్న కూటముల్లో వెతుక్కున్నారు. సెంటర్, మెర్సర్, మిల్సాప్స్ వంటివి 1930లో డిక్సీ కాన్ఫరెన్స్‌గా ఏర్పడ్డాయి, కెంటకీ కళాశాలలు అంతకుముందే రాష్ట్ర స్థాయి సంఘం పెట్టుకున్నాయి. స్తోమత పెరిగిన ఫర్మన్, సిటడెల్ 1936లో సదరన్ కాన్ఫరెన్స్‌కు వెళ్లిపోయాయి. పెద్దల వెంట వెళ్లినవారికీ సుఖం దక్కలేదు. ఒకనాడు ఆరు రోజుల్లో ఐదు జట్లను ఓడించిన సెవానీ, సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో ఎనిమిది సీజన్లు ఆడి, ఆ సంఘంలోని 37 ఆటలనూ ఓడిపోయి 1940లో బయటికొచ్చింది.

యుద్ధం ఈ సడలిన నిర్మాణం మీదికి వచ్చి పడింది. 1940 సెప్టెంబరు 16న నిర్బంధ సైనిక సేవా చట్టం అమల్లోకి వచ్చింది, 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి తరువాత విద్యార్థులు, శిక్షకులు సైన్యంలో చేరసాగారు. 1942లో పెట్రోలుకు, టైర్లకు రేషన్ వచ్చి బస్సు ప్రయాణాలు కష్టమయ్యాయి, ఆ ఏడాది నవంబరులో నిర్బంధ సేవ వయసును 18కి తగ్గించడంతో కళాశాలల్లో ఆడగల యువకులే కరువయ్యారు. మెర్సర్ 1941 సీజన్‌తో ఫుట్‌బాల్ ఆపేసి, తిరిగి 2013లోనే మొదలుపెట్టింది. 1942 సెప్టెంబరు 19న క్లెమ్సన్ తన కొత్త స్టేడియంలో తొలి ఆటకు అలవాటు ప్రకారం ప్రెస్బిటీరియన్‌ను పిలిచి 32–13తో గెలిచింది, కాని ఆ సంవత్సరంలోనే అసోసియేషన్ రద్దయింది. 1943 జూలై నుంచి నౌకాదళం కొన్ని కళాశాలల్లో నడిపిన వి-12 శిక్షణలో చేరిన యువకులకు ఆడే అనుమతి ఉండేది, సైన్యం తన శిక్షణార్థులకు ఆ అనుమతి ఇవ్వలేదు. ఆ తేడా వల్ల ఏ కళాశాలకు జట్టు ఉండాలో సైనిక అవసరమే తేల్చింది. వి-12 కేంద్రమైన సౌత్‌వెస్టర్న్ లూసియానా, ఒకప్పటి సభ్యసంస్థే, 1944 జనవరి 1న హ్యూస్టన్‌లో ఆయిల్ బౌల్ అనే పోటీ గెలవగా, అటువంటి కేంద్రం దక్కని కళాశాలల్లో అనేకం జట్లనే రద్దు చేసుకున్నాయి.

కనుక సంఘాన్ని యుద్ధమే చంపిందనడం సగం సత్యం. శాంతి వచ్చాక దాన్ని పునరుద్ధరించే అవకాశం ఉన్నా పూర్వసభ్యులు ఆ పని చేయలేదు, తమతో సరితూగేవారిని వెతుక్కున్నారు. కెంటకీ ఉపాధ్యాయ కళాశాలలు 1948లో ఒహాయో వ్యాలీ కాన్ఫరెన్స్ స్థాపనలో పాలుపంచుకున్నాయి, లూసియానా సంస్థలు అదే ఏడు గల్ఫ్ స్టేట్స్ కాన్ఫరెన్స్‌గా ఏర్పడ్డాయి. సెంటర్, సెవానీ మరికొన్ని కళాశాలలతో కలిసి 1962లో ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరాదన్న నియమంతో కొత్త కాన్ఫరెన్స్ పెట్టుకున్నాయి. నల్లజాతి కళాశాలల సంఘం మాత్రం రద్దు కాకుండా నేటికీ కొనసాగుతోంది. చివరకు 1973లో జాతీయ కళాశాల క్రీడా సంఘమైన ఎన్‌సీఏఏ తన సభ్యులను మూడు డివిజన్లుగా విభజించి, మూడోదానిలో ఆటకు స్కాలర్‌షిప్‌లను నిషేధించింది. స్తోమతను బట్టి వేర్వేరు నియమాలు ఉండాలన్న ఆ నిర్ణయం, గెయిన్స్‌విల్‌లో చిన్న కళాశాలలు ఓటు వేసి చెప్పిన మాటను జాతీయ వ్యవస్థ అర్ధశతాబ్దం తరువాత అంగీకరించడమే. యుద్ధానికి ముందరి ఆ సీజన్లకు చరిత్రలో ఇవ్వవలసిన స్థానం దీన్నిబట్టే నిర్ణయం కావాలి: కొద్ది డబ్బుతో, కొద్దిమంది విద్యార్థులతో కళాశాల ఆట గౌరవంగా సాగగలదని అవి ఆచరణలో చూపాయి, తరువాత వచ్చిన న్యాయమైన ఏర్పాట్లకు పునాది ఆ ఆచరణే.