నింగిలెక్కయు ఇంటియంత్రమును



మా బన్సీలాల్‌పేటకు అనతిదూరమున, బేగంపేటలో, నిజామియా వేధశాల యుండెడిది. దానిని నవాబు జాఫర్ జంగు గారు 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పిరి. వారి యనంతరము 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించినది. పిదప అది బేగంపేటకు చేరినది. ఇంటింటి కంప్యూటరును గూర్చి చెప్పబోవుచు ఈ వేధశాలను తలచుటకు కారణము కలదు.

ఆకాశమునంతటిని ఛాయాచిత్రములు తీసి, నక్షత్రముల స్థానములను లెక్కగట్టి పట్టికలు కూర్పవలెనని 1887లో పారిస్ నగరమున ఖగోళజ్ఞులు సభ కూడి నిశ్చయించిరి. అది యొక్కరివలన తెమలెడి పని కాదు. కావున ఆకాశమును పట్టీలుగా విభజించి, సుమారు ఇరువది వేధశాలలకు పంచిరి. దక్షిణక్రాంతి 17 అంశలు మొదలు 23 అంశల వఱకు గల పట్టీ తొలుత చిలీ దేశపు శాంటియాగోకు పోయి, అచట సాగక, మన హైదరాబాదు వంతునకు వచ్చెను. భాస్కరన్ గారు 1918 మొదలు 1944 వఱకు అధ్యక్షులై ఈ పనిని నడిపిరి. పన్నెండు సంపుటములు వెలువడినవి. ఏడున్నర లక్షలకు మించిన నక్షత్రములు వానిలో నెక్కినవి. ఫలకము వెంట ఫలకము కంటితో కొలిచి, చేతితో లెక్కించిన యా గణకుల పేరులు నేడు మనలో నెవరి నోటను లేవు. అయినను ఆ శ్రమ వృథా పోలేదు. హిపార్కస్ ఉపగ్రహపు కొలతలతో అన్ని వేధశాలల పాత పట్టికలను పోల్చి, ఇరువదియైదు లక్షల నక్షత్రముల చలనమును 2000లో నిర్ణయించిరి.

పని పంచుకొను నాపద్ధతియే 1999 మే 17వ తేదీన ఇండ్లలోనికి వచ్చినది. అమెరికాలోని బెర్క్లీ పండితులు, అరెసిబో రేడియో దూరదర్శిని విన్న ధ్వనులను 107 సెకండ్ల ముక్కలుగా కోసి, ఇష్టపడినవారి కంప్యూటర్లకు పంపిరి. అన్యలోకవాసుల పిలుపేమైన వినవచ్చునేమో యని వెదకుట వారి యుద్దేశము. ఏబది లక్షలకు పైబడిన జనులు ఇందు చేరిరి. పిలుపు వినబడలేదు; 2020 మార్చి 31తో ముక్కలు పంపుట నిలిపిరి. కాని అదే పద్ధతిని సాగిన ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అను గణనమున 2010లో ఒక పల్సారు దొరకినది. అయోవాలోని యొక దంపతుల యంత్రమును, జర్మనీలోని మైంట్స్ నగరపు యంత్రమును ఒకే ముక్కను వేర్వేరుగ లెక్కించి ఒకే ఫలమును చూపినవి. ఒకరి లెక్కను ఇంకొకరిచేత సరిచూపించుట బడిపంతులకు తెలిసిన యుపాయమే.

ఇక యంత్రమును బలపఱచు సంగతి. మా పేటలోని మెట్లబావి చిరకాలము పూడికతో నిండియుండి, 2022 డిసెంబరులో మరల తెరువబడినది. కంప్యూటరునకును ముందుగా తీయవలసినది పూడికయే. ఫంకాలో దుమ్ము చేరినచో యంత్రము వేడెక్కి, తనంతట తానే వేగము తగ్గించుకొనును. ర్యాము అను జ్ఞాపకపలకను పెంచినచో ఒకేమారు పెక్కు ముక్కలు నడుపవచ్చును. కొత్త డిస్కు వేసినయెడల యంత్రము త్వరగా తెరచుకొనును గాని లెక్క త్వరపడదు. అంగడివాడు ఈ మాట చెప్పడు. బొమ్మలు గీయుటకై పుట్టిన గ్రాఫిక్స్ కార్డు వేలకొలది చిన్నలెక్కలను ఒక్కుమ్మడి చేయును. 2006 నుండి ఇట్టి గణనములకు దానిని వాడుచున్నారు. అది కొన్నవారు పెట్టెలోని విద్యుత్సాధనమును సైతము పెద్దది చేయవలసి యుండును.

కొందఱు కుఱ్ఱవారు తయారుచేసినవారి హద్దు దాటించి యంత్రపు వేగము పెంచుదురు. వేడివలన అంకె తప్పును. తప్పిన అంకె శాస్త్రమునకు చేరును. సరిచూచు రెండవ యంత్రము దానిని పట్టుకొనును గాని, రెండు యంత్రముల శ్రమయు ధనమును వ్యర్థము. నెమ్మదిగా సరిగా చేసిన లెక్కయే నాకు నచ్చును.

మీ మనుమడు కొత్త కార్డునకు డబ్బడిగినచో, ముందు ఈ చిన్నలెక్క వేయించుడు. 200 వాట్లు అదనముగా త్రాగు యంత్రము రేయింబవళ్లు నడచినచో దినమునకు 4.8 యూనిట్లు, ముప్పది దినములకు 144 యూనిట్లగును. యూనిట్లు పెరిగినకొలదియు మన ప్రాంతపు బిల్లులో ధరయు మెట్టు మెట్టుగా పెరుగును. ఎటులను పనికై తెఱచియుంచిన యంత్రపు తీరికవేళను ఇచ్చినచో ఖర్చు కొంచెమే.