పొత్తికడుపు శూల: గర్భాశయపు గడ్డల పూర్వచరిత్ర

చరకసంహితలో రక్తగుల్మమను వ్యాధిని వర్ణించిన ఘట్టమున ఒక విచిత్రమైన ఆదేశము కలదు. స్త్రీ ఉదరమున పుట్టిన ఈ గడ్డకు పదవ మాసము గడచిన పిదపనే చికిత్స ఆరంభింపవలెనని ఆ గ్రంథము విధించినది. ముట్టు నిలిచిపోవుట, అన్నద్వేషము, చనుమొనలు నల్లబారుట మొదలగు గర్భచిహ్నములు ఈ వ్యాధియందును పొడసూపును గనుక, తొందరపడిన వైద్యుడు గడ్డయను భ్రాంతితో శిశువునే హతమార్చునేమో యను భయము ఈ విధికి మూలమై యుండును. పాతబడిన రక్తగుల్మము సుఖసాధ్యమను మరియొక సమాధానమును కలదు. కడుపులోనిది శిశువైనచో అవయవములతో కదలుననియు, గుల్మమైనచో ముద్దగా, చాలకాలమునకు గాని కదలదనియు, కదలినప్పుడు నొప్పి కలుగుననియు భేదమును గూడ ఆ గ్రంథము సూచించినది. ఆ రక్తగుల్మమును, నేడు ఫైబ్రాయిడ్ అని వైద్యులు పిలుచు గడ్డతో సరిగా సమీకరించుట సాహసమే యగును. ఆ పేరు క్రింద పలు వ్యాధులు ఒదిగి యుండవచ్చును. కాని ఆ పదిమాసముల నిరీక్షణలో నాకు గొప్ప వివేకము కనిపించుచున్నది. లోపల నేమున్నదో బయటివానికి తెలియదని ఒప్పుకొన్న వైద్యము అది. పొత్తికడుపు నొప్పి చరిత్రలో అట్టి ఒప్పుకోలు మిక్కిలి అరుదు.

ప్రాచీనులు ఆ నొప్పిని ఎరుగనివారు కారు. ఆయుర్వేదము ఇరువది యోనివ్యాపత్తులను పేర్కొని, వానిలో ఉదావర్తయను దానిని గూర్చి, తీవ్రవేదనతో బాధపడు స్త్రీకి ముట్టురక్తము వెడలినంతనే సుఖము లభించునని చెప్పినది. నేటి పాఠశాల బాలికయైనను తన బాధ ఇదియేయని గుర్తింపగల వర్ణన అది. ఈజిప్టుదేశమున లాహూనువద్ద దొరకిన, సుమారు క్రీ.పూ. 1800 నాటి స్త్రీవైద్యపత్రమందు మాత్రము కంటినొప్పికిని, మెడనొప్పికిని సైతము గర్భాశయమే కారణమని చెప్పబడినది. గ్రీకులలో కొందరు ఆ అవయవము దేహమందు తిరుగాడు ప్రాణియని భావించిరి. ఎఫెసస్ నగరపు సొరానస్ క్రీ.శ. రెండవ శతాబ్దమున దానిని ఖండించినను ఆ నమ్మకము చావలేదు. అయినను ఆ గ్రీకుల వ్రాతలలోనే, హిప్పొక్రాటిస్ పేర వెలసిన గ్రంథసముదాయమున, లరిస్సా యను ఊరి పరిచారిక యొకతె వృత్తాంతము కలదు. యౌవనమున సంగమకాలమందు నొప్పి యనుభవించి, సంతానము లేక, అరువదియేండ్లకు వచ్చిన ఆమెకు ఒకనాటి మధ్యాహ్నమున ప్రసవవేదన వంటి శూల పుట్టెను, వేరొక స్త్రీ చేయి చొప్పించి కదురుబిళ్ళయంత గరుకురాయిని వెలికి తీసెను, ఆమె స్వస్థురాలయ్యెను. సున్నము పేరుకొని గట్టిపడిన ఫైబ్రాయిడే ఆ రాయియై యుండునని చరిత్రకారులు తలంచుచున్నారు. ఆమె పేరును గ్రంథకర్త వ్రాయలేదు. ఆమె బాధను మాత్రము యౌవనమునుండి వరుస తప్పక వ్రాసినాడు.

శవపరీక్ష ఒక శాస్త్రముగా వర్ధిల్లిన పిమ్మట గాని ఈ గడ్డ స్వరూపము తేటపడలేదు. లండనులో మాథ్యూ బెయిలీ 1793లో ప్రకటించిన రోగశారీరగ్రంథమున ఈ గట్టిగడ్డలను వర్ణించెను. 1854లో రుడాల్ఫ్ విర్కో అవి గర్భాశయపు మృదుకండరమునుండియే పుట్టుచున్నవని నిరూపించెను. ఇది సామాన్యమైన సంగతి కాదు. గడ్డయనగానే పుట్టకురుపని, క్యాన్సరని గుండె జారిపోవు స్త్రీకి, అది ఆమె స్వంత కండరమే ముడిగట్టి పెరిగినదనియు, క్యాన్సరు స్వభావము కలది వీనిలో బహు అరుదనియు చెప్పగల ఆధారము దీనివలననే ఏర్పడినది. అమెరికాలో 2003లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము, ఏబదియేండ్లు వచ్చునాటికి శ్వేతజాతి స్త్రీలలో నూటికి 70 మందికి దాపుగను, నల్లజాతి స్త్రీలలో 80 మందికి మించియు ఈ గడ్డలు ఏర్పడుచున్నవి; అందు పెక్కుమందికి అవి ఉన్నట్టే తెలియదు. లోపలిపొర క్రింద నున్న చిన్నగడ్డ తీవ్రరక్తస్రావము కలిగించును. వెలుపలికి పెరిగిన పెద్దగడ్డ మూత్రాశయమును ఒత్తి బరువు తోపించును. పదునైన నొప్పి మాత్రము కాడ మెలివడినప్పుడో, రక్తము చాలక గడ్డ లోలోపల చివికినప్పుడో గాని సాధారణముగా పుట్టదు. కావున గడ్డ కనిపించినంత మాత్రమున నొప్పికి అదియే కారణమని తీర్మానింపరాదు. ఈ ఒక్క వాక్యమును వైద్యలోకము నేర్చుకొనుటకు పట్టిన కాలమే ఇక చెప్పబోవు కథ.

1809 డిసెంబరులో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున జేన్ టాడ్ క్రాఫర్డ్ అను స్త్రీ విషయమున చరకుని నాటి సందేహమే మరల తలయెత్తినది. ఆమె కవలలతో నెలలు మీరిన గర్భవతియని స్థానికవైద్యులు తలచి ఎఫ్రాయిమ్ మెక్‌డోవెల్‌కు కబురంపిరి. ఇది గర్భము కాదు, అండాశయపు గడ్డ. దీనిని కోసి తీయుట ప్రాణాపాయకరమని అతడు దాపరికము లేక చెప్పెను. ఆమె సమ్మతించి అరువది మైళ్ళు గుఱ్ఱముమీద ప్రయాణించి డాన్విల్ చేరెను. మత్తుమందు లేని ఆ కాలమున ఇరువదియైదు నిమిషములు సాగిన శస్త్రచికిత్సలో 22 పౌనులకు మించిన గడ్డ వెలువడినది. ఐదవనాడు ఆమె తన పడకను తానే సర్దుకొనుచుండెను. ఆపై ముప్పదియేండ్లకు పైగా జీవించెను. లోకము శస్త్రకారుని సాహసమునే పొగడినది. సంగతి యంతయు విని, ఒప్పుకొని గుఱ్ఱమెక్కిన ఆ స్త్రీ సాహసము దానికి ఏమాత్రము తీసిపోదు.

గర్భాశయపు గడ్డల శస్త్రచికిత్స ఇంతకన్న ఆలస్యముగను, ఇంతకన్న దారుణముగను ఆరంభమైనది. 1843లో మాంచెస్టరులో చార్లెస్ క్లే అండాశయపు గడ్డయని తలచి ఉదరమును తెరవగా అది గర్భాశయపు గడ్డయని తేలెను; రోగి మరణించెను. 1853లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి లోవెల్ పట్టణమున వాల్టర్ బర్నమ్‌కును అదే పొరపాటు జరిగినది. చికిత్సామధ్యమున రోగి వాంతి చేసికొనగా గర్భాశయము గాయముగుండ వెలుపలికి వచ్చి, తిరిగి లోనికి పోకుండుటచే దానిని తొలగింపక తప్పలేదు. దైవికముగా ఆమె బ్రదికెను. అదే యేట, అదే ఊర గిల్మన్ కింబాల్ రోగము నెరిగియే ఆ పని చేసి కృతార్థుడయ్యెను. కాని అంతకు తొమ్మిదేండ్లు ముందే, 1844లో, పెన్సిల్వేనియాలో అట్లీ సోదరులు గర్భాశయమును నిలిపి గడ్డను మాత్రమే ఒలిచి తీసిరి. నిలుపు మార్గమును, తీసివేయు మార్గమును ఇట్లు ఇంచుమించు ఒక్క కాలమున పుట్టినను, లోకము ఎక్కువగా నడచినది రెండవదానివెంట.

ఈథరు 1846లోను, క్లోరోఫారము 1847లోను, లిస్టరు క్రిమిసంహారకపద్ధతి 1867లోను వచ్చిన పిమ్మట ఉదరమును తెరచుట సాహసకృత్యముగా నుండుట మాని వృత్తిధర్మమయ్యెను. ఈ ఘట్టమున మన హైదరాబాదునకును పాలు కలదు. క్లోరోఫారము ప్రాణము తీయుట గుండెద్వారముననా, ఊపిరిద్వారముననా యను వివాదమును తేల్చుటకు నిజాము ప్రభుత్వపు వ్యయముతో 1888, 1889 సంవత్సరములలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యవమున రెండు సంఘములు అచ్చట పరిశోధనలు జరిపినవి. ఆ నగరపు వైద్యపాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ, ప్రపంచమందలి తొలి మహిళామత్తువైద్యులలో నొకరై, అచ్చటి ఆసుపత్రులలో క్లోరోఫారము ఇచ్చుచుండెను.

1872లో జరిగిన రెండు సంగతులను పక్కపక్కన నిలిపి చూడవలెను. జార్జియా రాష్ట్రమున రాబర్ట్ బాటీ అను శస్త్రకారుడు ముట్టుతో ముడివడిన దీర్ఘబాధలకు అండాశయములను తీసివేయుట ఉపాయమని ఆ యేట ఆరంభించెను. ధారలుగా రక్తము పోవు గడ్డల రోగులకు అండాశయములు తీయగా గడ్డలు కృశించుటను ఇంగ్లండులో లాసన్ టెయిట్, జర్మనీలో హెగార్ గమనించిరి. అండాశయపు స్రావములే ఈ గడ్డలను పోషించుచున్నవను సత్యమునకు అది ఆనవాలు. కాని బాటీ పద్ధతి ఆ మేరతో ఆగక, మూర్ఛలకును, మనోవ్యాధులకును, కారణము తెలియని నొప్పికిని ఏ లోపమును లేని అండాశయములను సైతము తీయుట పాతికేండ్లకు పైగా వేలకొలది స్త్రీలపై సాగినది. ఈజిప్టు పత్రమునాటి నమ్మకమే కత్తి చేబట్టి తిరిగి వచ్చినది. ఆ 1872లోనే న్యూయార్కు వైద్యుడు ఎమిల్ నోగరాత్, పెండ్లికి పూర్వము సెగవ్యాధి సోకి మానినదనుకొన్న భర్తలవలననే పెక్కు భార్యలకు కటికుహరమున శోథ, వదలని నొప్పి, వంధ్యత్వము కలుగుచున్నవని ప్రకటించెను. తోటివైద్యులు ఆ మాటను త్రోసిపుచ్చిరి. 1879లో నైసర్ ఆ వ్యాధిక్రిమిని కనుగొన్న పిమ్మట గాని దానికి మన్నన దొరకలేదు. స్త్రీ దేహమునుండి ఆరోగ్యమైన అవయవమును కోసివేయుటకు సమ్మతించిన లోకము, పురుషుని పూర్వవృత్తాంతమును అడుగుటకు సమ్మతింపలేదు. తలచుకొన్నప్పుడెల్ల మనసు మండును.

మన ప్రాంతములలో బాధ ఇంకొక తీరుగా మరుగుపడి యుండెను. మగవైద్యునికి నాడి చూపుటకే జంకు కుటుంబములలో ముట్టునొప్పి, తెల్లబట్ట అను మాటలు పెదవి దాటి వచ్చునవి కావు. 1875లో మద్రాసు వైద్యకళాశాల నలుగురు స్త్రీలను చేర్చుకొన్నది. వారిలో మేరీ షార్లీబ్ 1885లో గోషాస్త్రీలకై మద్రాసున ఆసుపత్రి స్థాపించి, అనంతరము లండనులో ఉదరశస్త్రచికిత్సయందు ప్రఖ్యాతి గాంచెను. 1883లో గుంటూరునకు వచ్చిన అమెరికా మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో అచ్చట ఆసుపత్రి తెరచి, 1930లో మరణించువరకు ఆ ఊరినే తన ఊరుగా చేసికొనెను. ఇట్టి చోట్లకు బండ్లు కట్టించుకొని వచ్చిన తెలుగు స్త్రీలకు, తమ నొప్పిని మరియొక స్త్రీతో, తమ మాటలలో చెప్పుకొను అవకాశమే సగము చికిత్స యయ్యెనని నేను నమ్ముచున్నాను.

గర్భాశయమును నిలుపు మార్గమునకు ప్రాణము పోసినవాడు లండను శస్త్రకారుడు విక్టర్ బానీ. వివాహమైన కొలదికాలమునకే ఆయన భార్యకు ఈ గడ్డలవలన గర్భాశయమును తీసివేయవలసి వచ్చెను. వారికి సంతానము లేకపోయెను. ఆ దుఃఖమును ఆయన తన వృత్తిలోనికి తెచ్చుకొని, గర్భాశయపు రక్తనాళములను తాత్కాలికముగా బిగించి పట్టు పరికరమును కల్పించి, ఒక్క కోతగుండ వీలైనన్ని గడ్డలను తీసి, కోశమును మరల కుట్టు పద్ధతిని తీర్చిదిద్దెను. ఒక్క స్త్రీ గర్భాశయమునుండి 225 గడ్డలు తీసి దానిని నిలిపెనని ప్రసిద్ధి. వైద్యులు అనేకులు ఇది అనవసరశ్రమ యనిరి. తీసివేయుట సులభమును, క్షేమమును గదాయని వారి వాదము. 1946లో, డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట, ఆయన తన పద్ధతిని సమగ్రముగా గ్రంథస్థము చేసెను.

ఇంతలో నొప్పికి వేరు కారణములును ఒక్కొక్కటిగా విడివడుచుండెను. ఆల్బనీ నగరపు జాన్ సాంప్సన్ 1921లో, చాకొలేటురంగు పాతరక్తముతో నిండిన అండాశయపు తిత్తులను వర్ణించి, గర్భాశయపు లోపలిపొర వంటి ధాతువు వెలుపల అంటుకొని ప్రతినెలయు ముట్టుతో పాటు స్రవించి బాధించునని చూపెను. ఎండోమెట్రియోసిస్ అను ఈ వ్యాధి పైకి గడ్డగా చేతికి తగులక పోవచ్చును. కావుననే దీనితో బాధపడు స్త్రీలు ఏండ్ల తరబడి ముట్టునొప్పి అందరికి ఉండునదేయను మాట విని ఇంటికి పోయినవారు. అదే పొర గర్భాశయపు కండరములోనికి చొరబడినచో అడినోమయోసిస్ అందురు. ఏ వ్యాధియు లేని ముట్టునొప్పికి సైతము ప్రోస్టాగ్లాండినులను ద్రవ్యములు కండరమును బిగియించుట కారణమని ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున తెలిసినది. అది కల్పన కాదనుటకు రసాయనసాక్ష్యము దొరకినది.

లోపలిదానిని కోయకుండ చూచుట మాత్రము ఒక ఇనుపకార్ఖానాలో ఆరంభమైనది. గ్లాస్గో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఇయాన్ డొనాల్డ్ 1955 జులైలో, అంతకుముందు శస్త్రచికిత్సలలో తీసిన ఫైబ్రాయిడ్లను, నీటితిత్తులను రెండు కార్ల డిక్కీలలో నింపుకొని రెన్‌ఫ్రూలో బాయిలర్లు చేయు బాబ్‌కాక్ విల్‌కాక్స్ కార్ఖానాకు పోయెను. లోహమునందలి పగుళ్ళను శబ్దతరంగములతో పట్టు యంత్రము అచ్చట కలదు. పోల్చి చూచుటకు కార్ఖానావారు పెద్ద మాంసఖండము నొకదానిని సమకూర్చిరి. తిత్తినుండి వచ్చు ప్రతిధ్వని యొకవిధము, గట్టిగడ్డనుండి వచ్చునది వేరొకవిధమని ఆ యంత్రము పలికినది. 1958లో లాన్సెట్ పత్రికలో డొనాల్డ్, మాక్‌వికార్, బ్రౌన్ కలిసి ప్రకటించిన వ్యాసమునకు వెనుక, తీయరాని జఠరపు క్యాన్సరని తీర్మానింపబడి ఆశ వదలుకొన్న ఒక స్త్రీ వృత్తాంతము కలదు. ఆమె కడుపున నున్నది పెద్ద అండాశయపు తిత్తియని యంత్రము చూపినది. దానిని తీయగా ఆమె బ్రదికెను. ఈనాడు మన తాలూకా పట్టణములలో స్కానింగు అని పిలుచు పరీక్ష ఆ కార్ఖానా ప్రయాణమునకు సంతానము. చరకుడు పదిమాసములు వేచి తెలిసికొనుమన్నది పదినిమిషములలో తెలియుచున్నది.

అట్లు తెలియుటతో నిలుపు మార్గములును పెరిగినవి. పారిస్ వైద్యుడు జాక్ రవీనా, శస్త్రచికిత్సలో రక్తనష్టము తగ్గుటకై ముందుగా గర్భాశయధమనులను అణురేణువులతో మూయించగా, పలువురు స్త్రీలకు అంతటితోనే బాధ శమించి శస్త్రచికిత్స అవసరమే లేకపోయెనని 1995లో ప్రకటించెను. సన్నని గొట్టముద్వారా లోపలినుండియే గడ్డను తీయుటయు, హార్మోను పూసిన సాధనమును కోశమున అమర్చి రక్తస్రావమును తగ్గించుటయు సాధ్యమైనవి. అయినను 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి 3.2 మంది కాగా, తెలంగాణమున 7.7, ఆంధ్రప్రదేశమున 8.9 మంది. కారణమడిగినప్పుడు దేశమున సగమునకు మించినవారు చెప్పినది అధికరక్తస్రావము, నొప్పి. గడ్డలు, తిత్తులు అని చెప్పినవారు ఐదవవంతు మాత్రమే. అండాశయములు సైతము పోయినచో చిన్నవయసుననే ముట్టుడిగి ఎముకలు పెళుసుబారునని వారిలో ఎందరికి ముందుగా చెప్పబడినదో ఊహింపవచ్చును. అనవసరముగా జరుగు ఈ శస్త్రచికిత్సలపై కేంద్రము రూపొందించిన మార్గదర్శకసూత్రములను మూడు మాసములలోగా అమలుపరుపవలెనని 2023 ఏప్రిలులో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది. గడ్డ ముట్టుడిగిన పిదప తనంత తానే కుంచించును గనుక, నలువదియైదు దాటిన స్త్రీకి రక్తహీనతను ఇనుముగల మందులతో సవరించుచు వేచియుండుట సైతము చాలమారులు తగిన చికిత్సయే. ముప్పదియేండ్ల స్త్రీకైనచో, నొప్పి గడ్డదా, పొరదా, క్రిమిదా యని తేల్చిన పిమ్మట గాని కత్తి మాట ఎత్తరాదు.