తెర మీది హాజరు: తెలుగునాట కార్యాలయాల్లో వీడియో కాన్ఫరెన్స్ – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలి వైపు సాగే పాత ముంబై రహదారి మీద ఉంది టోలిచౌకి. దానికి ఒక పక్క గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు. మరొక పక్క ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ గుట్టలు. ఊరి పేరులోని 'చౌకి' అనే మాటకు కాపలా ఠాణా అని అర్థం. వచ్చేపోయేవారిని ఒకచోట కూర్చుని చూసే స్థలం అది. హైటెక్ సిటీ వెలసిన తరువాత ఈ దారి ఉద్యోగుల దారి అయింది. ఉదయం పడమరకు, సాయంత్రం తూర్పుకు వాహనాల బారులు సాగేవి. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలయ్యాక ఆ బారులు మాయమయ్యాయి. పని మాత్రం చాలావరకు ఆగలేదు, తెర మీదికి మారింది. ఈ మార్పును కరోనా కాలపు పరిణామంగా చెప్పడం పరిపాటి. తెలుగునాట వీడియో కాన్ఫరెన్స్ అంతకు ఇరవయ్యేళ్ల ముందే ప్రభుత్వ కార్యాలయాల్లోకి, జైళ్లలోకి ప్రవేశించింది. అక్కడ అది ఏ పనికి ఉపయోగపడిందో పరిశీలిస్తే తరువాతి చరిత్ర మరింత స్పష్టమవుతుంది.

ఇల్లు కాదన్నది, కార్యాలయం అందుకున్నది

దూరాన ఉన్న మనిషిని చూస్తూ మాట్లాడాలన్న యత్నం కొత్తది కాదు. 1936లో జర్మనీ తపాలా శాఖ బెర్లిన్, లైప్‌జిగ్ నగరాల మధ్య దృశ్య టెలిఫోన్ సేవను ప్రారంభించింది. ఏటీ అండ్ టీ సంస్థ 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో 'పిక్చర్‌ఫోన్'ను చూపి, 1970లో పిట్స్‌బర్గ్‌లో వాణిజ్య సేవగా తెచ్చింది. అది నిలదొక్కుకోలేదు. ధర అధికమన్నది ఒక కారణం. ఫోను మోగిన ప్రతిసారీ ఎదుటివారికి కనిపించడం జనానికి ఇష్టం లేకపోవడం మరొకటి. ఇంట్లో ఉన్న మనిషి 'నన్ను చూడవద్దు' అనగలడు. ఉద్యోగికి, ఖైదీకి ఆ వీలు లేదు. ఈ సాంకేతికత తొలుత కార్యాలయాల్లోనే స్థిరపడటానికి ఇది ముఖ్యకారణమనుకోవచ్చు. 1990లో వచ్చిన హెచ్.261, హెచ్.320 ప్రమాణాలు 64 కిలోబిట్ల మార్గాలను కలిపి కదిలే బొమ్మను పంపే పద్ధతిని ఏర్పరచాయి. వేర్వేరు సంస్థలు తయారుచేసిన పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం అప్పటినుంచే సాధ్యమైంది.

'కలెక్టర్ గారు వీసీలో ఉన్నారు'

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 23 జిల్లాలు, 1985 సంస్కరణ తరువాత సుమారు 1,100 మండలాలు ఉండేవి. రాజధానికీ జిల్లాకూ మధ్య పాలన ఉత్తరాల మీద, ఫోను మీద, పర్యటనల మీద నడిచేది. కలెక్టర్ల సదస్సు అంటే శ్రీకాకుళం నుంచి వచ్చే అధికారికి 700 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. రానుపోను కలిపి రెండు మూడు రోజులు. ఆ రోజుల్లో సదస్సు విరామవేళ వరండాలో కలెక్టర్లు తమలో తాము మాట్లాడుకునే అవకాశం కూడా ఉండేది. దీని ప్రస్తావన ఎందుకో కొంచెం కిందికి వెళితే తెలుస్తుంది.

1995 సెప్టెంబరు 1న ముఖ్యమంత్రి అయిన నారా చంద్రబాబునాయుడు హయాంలో సచివాలయాన్ని జిల్లా కేంద్రాలతో కలుపుతూ రాష్ట్రవ్యాప్త నెట్‌వర్క్ 'ఆప్‌స్వాన్' ఏర్పడింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభం, 1999 జనవరిలో 'విజన్ 2020' పత్రం విడుదల ఈ కాలానివే. సెకనుకు 2 మెగాబిట్ల సామర్థ్యమున్న ఆప్టికల్ ఫైబర్ మార్గాల మీద సమాచారం, మాట, బొమ్మ మూడూ ప్రయాణించాయి. నేటి మొబైల్ ఫోను వేగంతో పోలిస్తే అది అత్యల్పం. అయినా ముఖ్యమంత్రి హైదరాబాద్‌లో కూర్చుని కలెక్టర్లందరినీ ఒకేసారి ప్రశ్నించడం దేశంలో అప్పటికి వింతే. జాతీయ, అంతర్జాతీయ పత్రికలు ఆ దృశ్యాన్ని ఆధునిక పాలనకు సంకేతంగా చూశాయి. జిల్లా కార్యాలయాల్లో మాత్రం ఒక కొత్త మాట పుట్టింది: 'కలెక్టర్ గారు వీసీలో ఉన్నారు.' అర్జీ పట్టుకుని వచ్చినవారికి అటెండరు చెప్పే ఈ వాక్యానికి 'ఈరోజు కలవడం కుదరదు' అని అర్థం. (విశ్వవిద్యాలయాల్లో 'వీసీ' అంటే ఉపకులపతి కనుక, అక్కడ ఇదే మాట వేరొక గందరగోళానికి దారితీసేది.) పత్రికలు తరువాతి కాలంలో 'దృశ్యమాధ్యమ సమావేశం' వంటి పదబంధాలను వాడినా, కార్యాలయ భాషలో 'వీసీ'యే స్థిరపడింది.

అయితే ఈ వీసీని సమావేశం అనవచ్చునా? అనేక కేంద్రాలను కలిపే నియంత్రణ యంత్రం కేంద్రస్థానంలో ఉంటుంది. ఏ జిల్లా బొమ్మ తెర మీదికి రావాలి, ఎవరి మైకు తెరవాలి అన్నది అక్కడే నిర్ణయమవుతుంది. కర్నూలు కలెక్టరు అనంతపురం కలెక్టరుతో మాట్లాడుకోవడానికి దానిలో చోటు లేదు. ఇద్దరూ పైకి మాత్రమే మాట్లాడాలి. వరండా పోయింది. 3 గంటల సమీక్షలో 23 జిల్లాలకు సమానంగా పంచితే జిల్లాకు 8 నిమిషాలు కూడా రావు. 2019 నాటికి తెలంగాణలో జిల్లాల సంఖ్య 33కు చేరింది. అదే లెక్కన ఐదున్నర నిమిషాలు. అంత స్వల్ప వ్యవధిలో అంకెలు చెప్పడం సాధ్యం, ఆ అంకెల వెనుక ఉన్న ఇబ్బంది చెప్పడం కష్టం. పాలనలో లక్ష్యాలు, శాతాలు, ర్యాంకుల భాష బలపడటంలో ఈ మాధ్యమం పాత్రను విస్మరించలేం.

ప్రభుత్వాలు మారినా పద్ధతి మారలేదు. 2019లో మొదలైన 'స్పందన' అర్జీల కార్యక్రమాన్ని కూడా ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి కలెక్టర్లతో వీడియో కాన్ఫరెన్స్ ద్వారానే సమీక్షించారు. గంటల తరబడి సాగే వీసీల వల్ల క్షేత్రస్థాయి పని దెబ్బతింటున్నదన్న ఆవేదన రెండు రాష్ట్రాల ఉద్యోగుల్లోనూ వినిపించింది. ప్రయోజనం లేదని చెప్పడం న్యాయం కాదు. తుపాను, వరద వేళల్లో కలెక్టరు జిల్లా వదలకుండానే ఆదేశాలు పొందగలగడం చిన్న విషయం కాదు.

జైలు నుంచి న్యాయస్థానానికి

ఈ చరిత్రలో పరిశోధకుల దృష్టి తగినంతగా పడని ఘట్టం మరొకటి ఉంది. రాజ్యాంగంలోని 22(2) అధికరణం ప్రకారం అరెస్టయిన వ్యక్తిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. నిర్బంధాన్ని పొడిగించడానికి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 167వ సెక్షన్ కూడా హాజరును తప్పనిసరి చేసింది. ఎస్కార్టు పోలీసులు దొరకక, వాహనాలు లేక విచారణ ఖైదీలను కోర్టుకు తీసుకురాలేకపోవడం పాత సమస్య. దీనికి పరిష్కారంగా ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2001లో 31వ చట్టం ద్వారా ఆ సెక్షన్‌ను సవరించింది. 2000 డిసెంబరు 6 నుంచి అమలులోకి వచ్చినట్లుగా భావించిన ఆ సవరణ, నిందితుణ్ణి 'స్వయంగా గానీ, ఎలక్ట్రానిక్ వీడియో అనుసంధానం ద్వారా గానీ' హాజరుపరచవచ్చునన్నది. సాక్ష్యాన్ని వీడియో ద్వారా నమోదు చేయవచ్చునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 2003 ఏప్రిల్ 1న. అంటే రాష్ట్రం అప్పటికే ముందడుగు వేసింది.

ఆ అడుగులో ఒక ప్రమాదం దాగి ఉంది. మేజిస్ట్రేటు ఎదుట మనిషిని నిలబెట్టడం లాంఛనం కాదు. దెబ్బలున్నాయేమో చూడటానికి, 'పోలీసులు కొట్టారా' అని అడగటానికి, ఆ జవాబు పోలీసుల కనుసన్నల్లో కాకుండా వినడానికి చట్టం కల్పించిన ఏర్పాటు. తెర ముందు కూర్చున్న మనిషి పక్కన, కెమెరాకు అందని చోట ఎవరు నిలబడి ఉన్నారో మేజిస్ట్రేటుకు కనిపించదు. రాష్ట్ర సవరణ తొలి హాజరుకూ తరువాతి హాజరుకూ భేదం చూపలేదు. 2009 నాటి కేంద్ర సవరణ (5వ చట్టం) ఆ భేదాన్ని పాటించింది. పోలీసు కస్టడీలో ఉన్నంతకాలం ప్రతిసారీ స్వయంగా హాజరుపరచాలనీ, జ్యుడీషియల్ కస్టడీ పొడిగింపునకు మాత్రమే వీడియో చాలుననీ స్పష్టం చేసింది.

ప్రైవేటు కార్యాలయం ఆలస్యం

ప్రభుత్వం 1999 నాటికే తెర మీద కొలువు తీరగా, సాఫ్ట్‌వేర్ నగరంగా పేరుపొందిన హైదరాబాద్‌లో ఉద్యోగి 2020 దాకా టోలిచౌకి రద్దీని దాటుకుని వెళ్లవలసి రావడం వింతగా తోస్తుంది. అమెరికా ఖాతాదారుతో రాత్రివేళ 'కాల్' అంతకు ముందునుంచే ఉంది. అయితే అది ఎక్కువగా మాటకే పరిమితం, అదీ ఆఫీసు నుంచే. బ్యాండ్‌విడ్త్ ఒక్కటే అడ్డంకి కాదు. టెలికాం శాఖ 'ఇతర సేవాప్రదాతల' నిబంధనలు ఇంటి నుంచి పనికి ధరావతు, ఒప్పందం, నిర్దిష్ట నెట్‌వర్క్ వంటి షరతులు విధించాయి. 2020 మార్చి 13న ఆ షరతులను తాత్కాలికంగా సడలించారు. నవంబరు 5న నిబంధనలనే చాలావరకు తొలగించారు. జూమ్ సమావేశాల్లో పాల్గొనేవారి రోజువారీ సంఖ్య 2019 డిసెంబరులో కోటి కాగా, 2020 మార్చిలో 20 కోట్లకు చేరిందని ఆ సంస్థ ప్రకటించింది. ఏప్రిల్ 16న కేంద్ర హోంశాఖ జూమ్ సురక్షితం కాదని హెచ్చరించినా వాడుక తగ్గలేదు.

టోలిచౌకికి ఆనుకుని ఉన్న ఫిల్మ్‌నగర్‌లో కథాచర్చలు ఫోను తెర మీదికి వచ్చాయి గానీ చిత్రీకరణకు ఆ వీలు లేదు. దర్శకుడు ఇంట్లో కూర్చుని కథ వినవచ్చు. లైట్‌మన్‌కు, మేకప్ సహాయకుడికి తెర మీద పని లేదు. వీడియో కాన్ఫరెన్స్ కూలిని కాపాడలేదు. అధ్యాపకులకు మాత్రం అది తప్పనిసరి అయింది: 2020 ఏప్రిల్ చివర యూజీసీ మార్గదర్శకాలు పీహెచ్‌డీ మౌఖిక పరీక్షను సైతం వీడియో ద్వారా జరపడానికి అనుమతించాయి. ఉద్యోగుల రద్దీ కోసం తలపెట్టిన షేక్‌పేట ఫ్లైఓవరు 2022 జనవరి 1న ప్రారంభమయ్యేనాటికి, ఆ ఉద్యోగుల్లో ఎందరో ఇంకా ఇంటి నుంచే పనిచేస్తున్నారు.

ఎవరు కోరుకున్నారు?

హైదరాబాద్‌లో నివసిస్తున్న ఒక మహిళ, తన భర్త జబల్‌పూర్‌లో వేసిన విడాకుల కేసును ఇక్కడికి బదిలీ చేయమని సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 2017 మార్చిలో ఆ కేసులో ధర్మాసనం, బదిలీకి బదులు వీడియో కాన్ఫరెన్స్ వాడవచ్చునన్నది. అదే ఏడాది అక్టోబరు 9న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2:1 ఆధిక్యంతో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. రాజీ యత్నం విఫలమయ్యాక, ఇరుపక్షాలూ కలిసి కోరితేనే వీడియోకు చోటని చెప్పింది. న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ విభేదించారు. ఆధిక్య తీర్పులోని 'ఇరుపక్షాలూ కోరితే' అన్న షరతు కలెక్టరు వీసీకి గానీ, ఖైదీ వీసీకి గానీ ఏనాడూ వర్తించలేదు. 2020 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు జారీచేసిన ఆదేశంతో దేశంలోని న్యాయస్థానాలన్నీ తెర మీదికి రావలసివచ్చింది. అప్పుడు ఎవరి కోరికతోనూ పని లేకపోయింది.

2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత విచారణ ప్రక్రియలన్నిటినీ ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపడానికి దారి తెరిచింది. అదే సంహిత 187వ సెక్షన్‌లో మాత్రం పాత భేదం నిలిచే ఉంది: పోలీసు కస్టడీలో ఉన్న మనిషిని తొలిసారీ, ఆ తరువాత ప్రతిసారీ మేజిస్ట్రేటు ఎదుటకు స్వయంగా తీసుకురావలసిందే.