జీవ గడియారం: మొక్కలు, పెంపుడు జంతువులు

మొక్కలూ జంతువులూ తమ పనుల వేళలను లోలోపలే లెక్కపెట్టుకుంటూ, పగటి నిడివి, ఎండ, చలి మారేకొద్దీ వాటిని సర్దుకునే ఏర్పాటే జీవ గడియారం. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ ఏడాదిలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలకు కాస్త ఎక్కువ. పైర్లు కాలాన్ని పసిగట్టడానికి ఆమాత్రం చాలు.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో అలెగ్జాండర్ నావికుడు ఆండ్రోస్తనీస్, చింతగా భావించే చెట్టు ఆకులు రాత్రిపూట ముడుచుకుంటాయని రాశాడు. మన ఊళ్లలో ఏ పిల్లవాడైనా చెప్పే సంగతే. 1729లో ఫ్రాన్సులో డి మెరాన్ అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో ఉంచినా ఆకులు వేళకు విచ్చుకోవడం చూశాడు. పూతను నడిపించేది పగటి నిడివి అని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ తేల్చారు.

ఈ సూత్రానికి ఉత్తరాంధ్రలో గోగుచేనే రుజువు. వానలు ఆలస్యమై విత్తడం వెనకబడినా గోగు ఆగదు. పగలు కురచైతే పూతకు వచ్చేస్తుంది. మొక్క ఎదగకముందే పూసింది కాబట్టి నార తగ్గుతుంది. సగం మొక్కలు పూసే వేళకు కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరబెడితే మంచి నార దిగుతుంది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంట మీద పనిచేస్తూ కొత్త రకాలు తెచ్చింది.

జంతువులదీ ఇదే తీరు. గేదెలు పగలు తగ్గే కాలంలో ఎక్కువగా ఎదకు వస్తాయి. వేసవిలో మూగ ఎద (పైకి కనిపించని ఎద) పాడి రైతుకు తలనొప్పి. పగలు తగ్గితే కోళ్లు గుడ్లు తగ్గిస్తాయి. అందుకే ఫారాల్లో రోజుకు 16 గంటల వెలుగు ఉండేలా దీపాలు వేస్తారు.

గోడ గడియారం కథ వేరు. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం వచ్చింది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది కనుక రామతీర్థం సూర్యుడు గడియారం కంటే సగటున నాలుగు నిమిషాలే ముందు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, దేశమంతా గడియారాన్ని గంట ముందుకు జరిపారు. ఇప్పుడు ఇక్కడ ముల్లు కదిపే పద్ధతి లేదు.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువారిలో చాలామంది మాత్రం గడియారాన్ని మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుకుంటారు. ఇంటి కుక్క పాత వేళకే గిన్నె దగ్గర నిలబడుతుంది. తిండి వేళను రోజుకు పది పదిహేను నిమిషాల చొప్పున జరిపితే వారంలో దారికొస్తుంది. కరివేపాకు కుండీకి ఆ గొడవ లేదు. చలి ముదరకముందే లోపలికి తెచ్చి, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టుకోవాలి.