గువ్వలచెరువు కనుమయు, మా కడప జీపులును

కర్నూలునుండి చిత్తూరు దిక్కునకు పోవు రహదారి, పూర్వము 18వ నెంబరుతో వ్యవహరింపబడి ఇప్పుడు 40వ నెంబరును ధరించినది, నంద్యాల దాటినది మొదలు ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా మా కడప చేరువరకు కుందూనది లోయలో, నల్లరేగడి నేలల నడుమ, పెద్ద ఎత్తుపల్లములు లేక సాగివచ్చి, పట్టణము దాటిన పిమ్మట పాలకొండల నెదుర్కొని, గువ్వలచెరువు కనుమలో మెలికలు తిరుగుచు రాయచోటి సీమకు ఎక్కును. ఒకే బండి ఉదయమున బయలులో పరుగెత్తవలెను. మధ్యాహ్నమున బరువుతో కనుమ నెక్కవలెను. మా ఊరి మోటారు షెడ్ల విద్య ఈ రెండు అవసరముల రాపిడిలో పదునెక్కినదని నా విశ్వాసము. సుంకేసులనుండి మా ఊరివరకు వచ్చు కాలువకు చరిత్రలో ఎట్టి స్థానము కలదో, ఈ విద్యకును అట్టి స్థానము కొంత ఉండదగును.

జీపు మన దేశమునకు రెండవ ప్రపంచయుద్ధముతో వచ్చినది. యుద్ధానంతరము సైన్యము వదలుకొన్న బండ్లు వేలములలో చేతులు మారినవి. 1945లో స్థాపితమైన మహీంద్రా సంస్థ 1947నుండి విల్లీస్ జీపులను మన దేశమున కూర్ప నారంభించెను. 1952లో సమాజ వికాస పథకము వచ్చిన తరువాత జీపనగా బ్లాకు అధికారి బండియని పల్లెలలో పిల్లలకును తెలిసినది. సర్కారు వాడి వదలిన జీపులు వేలములో రైతులకును వర్తకులకును దక్కగా, వారు వెనుకభాగము కోయించి తొట్టి కట్టించి, వేరుశనగ మూటలకును, పాలక్యానులకును, నాపరాళ్లకును పనికివచ్చు పికప్పులుగా మార్చుకొనిరి.

ఇట్టి బండి వేగమును, బలమును నిర్ణయించునవి వెనుక యాక్సిలులోని రెండు పళ్లచక్రములు. ఇంజనునుండి వచ్చు షాఫ్టు కొననున్న చిన్న పళ్లచక్రము పినియను. దానిచే త్రిప్పబడి వెనుక చక్రములను నడుపు పెద్దది క్రౌను. మహీంద్రావారి సి.జె.3బి జీపులో పినియనుకు 8 పళ్లు, క్రౌనుకు 43. అనగా షాఫ్టు ఐదు చుట్లకు మించి తిరిగినగాని చక్రము ఒకసారి తిరుగదు. యుద్ధకాలపు విల్లీసులో ఈ జత 8కి 39. మరియొక జత 11కి 47. టాప్ గేరులో ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగునపుడు చక్రము మొదటి జతతో 372, రెండవదానితో 410, మూడవదానితో 468 చుట్లు తిరుగును. ఆనాటి 16 అంగుళముల టైరుతో గంటకు సుమారు 50, 56, 64 కిలోమీటర్ల వేగమన్నమాట. వేగము పెరిగిన కొలది చక్రమున లాగు బలము తగ్గును. ఈ రెండింటిలో ఒకటి విడువక మరియొకటి దొరకదు.

పెట్రోలు ఇంజను 4000 చుట్లవరకు సునాయాసముగా తిరుగును గనుక 43 పళ్ల క్రౌనుతో ఎవరికిని చిక్కు లేకుండెను. 1973లో చమురు ధర ఒక్కుమ్మడి పెరిగి, పెట్రోలు ఇంజను తీయించి డీజిలు ఇంజను వేయించుకొనుట దేశమంతట వాడుకయైనపుడు అసలు చిక్కు బయటపడెను. డీజిలు ఇంజను బలము తక్కువ చుట్లలోనే ఉండును. అంతకుమించి త్రిప్పినచో అరచునే గాని లాగదు. పాత క్రౌను అట్లే ఉంచినచో కనుమ హాయిగా ఎక్కును గాని, మైదుకూరు బయలులో ఎద్దులబండిని దాటుటకే ఆయాసపడును. కావుననే షెడ్డుకు బండి వచ్చినపుడు మేస్త్రీ మొదట అడుగు ప్రశ్న, “ఏం సామీ, కనుమ ఎక్కల్లనా, బయల్లో పరిగెత్తల్లనా?” అని.

క్రౌను, పినియను ఒకదానితో నొకటి రాపాడించి చేసిన జంట. వేర్వేరు జతలనుండి తెచ్చి కలిపినచో కొన్నాళ్లకే ఊళపెట్టి పళ్లు రాలును. పినియను లోతును సన్నని షిమ్ములతో సరిచూచి, సిందూరమును నూనెలో రంగరించి పళ్లకు పూసి, చేతితో త్రిప్పి, ముద్ర పంటి నడుమ పడెనా, కొనకు జరిగెనా యని పరీక్షింతురు. రెండు పళ్ల నడుమ వదులు అంగుళములో వెయ్యింట ఐదారు పాళ్లు మాత్రమే. దీనిని చేతిస్పర్శతో పసిగట్టగల మేస్త్రీలు మా ఊర కలరు. ఉర్దూయు తెలుగును కలగలిసిన వారి మాటలలో ఈ శాస్త్రమంతయు ఒక్క పుస్తకమైనను లేకుండ తండ్రినుండి కొడుకునకు వచ్చినది.

యుద్ధకాలపు బండికి తరువాతి క్రౌను లోన ఇమడదు. అపుడు యాక్సిలు మొత్తమును దింపి వేరొక బండిది ఎక్కింపవలెను. కమానుకట్టల పీఠములు కోసి మరల వెల్డింగు చేయవలెను. షాఫ్టు పొడవు సరిచేయవలెను. బండి నాలుగు చక్రములతో లాగునదైనచో ముందు యాక్సిలునకును అదే జత వేయక తప్పదు. వెనుక 39, ముందు 43 ఉంచి గట్టినేలపై ముందు చక్రములకును బలము కలిపినచో, రెండును రెండు వేగములను కోరి నడుమనున్న పెట్టెను నలిపివేయును. మీటరు సంగతి చిన్నదే: 43 తీసి 39 వేసిన బండి పది కిలోమీటర్లు నడచినను తొమ్మిదే చూపును.

కడప బండికి 39 పళ్ల క్రౌనే తగినదని నా అభిప్రాయము. 47 వేయించుకొన్నవారు నంద్యాల దారిలో సంతోషించిరి గాని, మూటలతో గువ్వలచెరువు ఎక్కునపుడు మూడవ గేరు చాలక, రెండవ గేరులో ఇంజను కాగి, నీళ్లకొరకు ఆగవలసివచ్చెడిది. దిగునపు డింకను ప్రమాదము: క్రౌను తేలికయైన కొలది ఇంజను బండిని పట్టి నిలుపు శక్తి తగ్గి, భారమంతయు బ్రేకులపై పడి అవి కాగిపోవును. ఎక్కుట ఆలస్యమైనను ఓర్చుకొనవచ్చును. దిగుటలో పట్టు తప్పిన బండికి ఆ మలుపులలో దిక్కులేదు. యజమాని ఎంత తొందరించినను, కనుమదారి బండికి 47 వేయనని నిరాకరించిన మేస్త్రీలయందు నాకు గౌరవము.

ఐదు గేర్ల పెట్టెలు వచ్చిన తరువాత ఈ పేచీ చాలవరకు తీరినది. ఐదవ గేరులో ఇంజనుకంటె షాఫ్టే వేగముగా తిరుగును గనుక బయలుకు ఆ గేరు, కనుమకు క్రింది గేర్లు చాలును. ఇప్పుడు పాత జీపు పట్టుకొని షెడ్డుకు వచ్చు యువకులు క్రౌను నడుగరు, ఐదు గేర్ల పెట్టె నడుగుదురు. మేస్త్రీ దానిని బిగించి, వెనుక హౌసింగు మూత విప్పి చూచి, లోన 43 పళ్ల క్రౌను చెడక ఉన్నచో నూనె మార్చి మరల మూసివేయుచున్నాడు.