పాషాణానికి దక్కిన ఆరో చోటు

1910లో జర్మనీ నుంచి సల్వార్సాన్ అనే మందు బజారులోకి వచ్చింది. గాలి తగలకుండా మూతి కరిగించి మూసిన గాజు గొట్టంలో కాస్త పసుప్పచ్చని పొడి. పాల్ ఎర్లిష్ ప్రయోగశాలలో దాని నంబరు 606. సహాచిరో హాటా కుందేళ్ల మీద పరీక్షించి, సిఫిలిస్‌ను అది తగ్గిస్తుందని తేల్చాడు. అందులో పనిచేసే సరుకు ఆర్సెనిక్, మన పెద్దలు పాషాణమన్నదాని మూలకమే. రెండు ఆర్సెనిక్ పరమాణువుల మధ్య రెండు గీతలు, అంటే ద్విబంధం, ఉన్నట్టు ఎర్లిష్ బొమ్మ గీశాడు. అజో రంగుల్లో రెండు నైట్రోజన్లు అలాగే ఉంటాయి. ఆవర్తన పట్టికలో అదే నిలువు వరుసలో ఉన్న ఆర్సెనిక్ కూడా అలాగే ఉంటుందనుకోవడంలో వింత లేదు. ఆ బొమ్మే దశాబ్దాల పాటు పుస్తకాల్లో అచ్చయింది. 2005లో న్యూజిలాండ్ పరిశోధకులు మాస్ స్పెక్ట్రోమీటర్‌తో చూస్తే అందులో ద్విబంధం ఊసే లేదు. ఆర్సెనిక్‌లు మూడేసి, అయిదేసి చేతులు పట్టుకుని ఏకబంధాలతో వలయాలు కట్టి ఉన్నాయి. మందు నిజం, బొమ్మ అబద్ధం. భాస్వరం విషయంలోనూ ఇంతే. 1877లో అజోబెంజీన్‌కు తోబుట్టువంటూ ప్రకటించిన ఫాస్ఫోబెంజీన్ చివరికి భాస్వరం వలయాల పదార్థమని తేలింది.

ఇలాంటి బంధాలు ఎందుకు నిలవవన్నదానికి 1948లో కెనెత్ పిట్జర్, 1950లో రాబర్ట్ మల్లికెన్ కారణాలు వెదికారు. కార్బన్, నైట్రోజన్ చిన్న పరమాణువులు. దగ్గరగా నిలబడి, పక్కపక్కనున్న ఎలక్ట్రాన్ మేఘాలను కలుపుకుని రెండో బంధం వేసుకోగలవు. కింది వరుసల్లోని భాస్వరం, ఆర్సెనిక్ భారీకాయాలు. దూరం పెరిగే కొద్దీ ఆ పక్క కలయిక పలచబడుతుంది. అలా కింది వరుసల మూలకాల్లో ద్విబంధం నిలవదన్న ‘ద్విబంధ నియమం’ పాఠాల్లో స్థిరపడింది. ఈ చరిత్రను సాధారణంగా నియమం కళ్లకు గంతలు కట్టిందనీ, తిరగబడ్డవాళ్లు దాన్ని బద్దలు కొట్టారనీ చెబుతారు. కథగా బాగుంటుంది కానీ సాక్ష్యం అటు మొగ్గదు. నియమం చెప్పినదాంట్లో నిజముంది. తప్పల్లా దాన్ని చదివిన తీరులో ఉంది. ‘నిలవదు’ అన్నదాన్ని ‘పుట్టదు’ అని చదువుకున్నారు. 1961లో గీర్ అనే రసాయనవేత్త కార్బన్‌కూ భాస్వరానికీ మధ్య ఏకంగా త్రిబంధమున్న వాయువును తయారుచేశాడు. అది పుట్టింది, కానీ అతి శీతలంలో ఉంచకపోతే అణువులు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. అంటే కష్టం పుట్టుకలో లేదు, పొరుగువాడు దొరకగానే బలహీనమైన రెండో బంధాన్ని వదిలి గట్టి ఏకబంధాలకు మారిపోవడంలో ఉంది. 1964లో మార్‌బుర్గ్‌లో డిమ్‌రోత్, హాఫ్‌మన్ ధనావేశాన్ని అణువంతా పరిచి కార్బన్-భాస్వరం ద్విబంధాన్ని నిలబెట్టారు.

బెంజీన్ లాంటి ఆరు పరమాణువుల వలయంలో భాస్వరానికి చోటివ్వడానికి 1966లో గాట్‌ఫ్రీడ్ మెర్కెల్ వేసిన ఎత్తు చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. ఆయన వలయాన్ని భాస్వరంతో మొదలుపెట్టి కట్టలేదు. అయిదు కార్బన్లు, ఒక ఆక్సిజన్ ఉన్న పిరిలియం లవణాన్ని తీసుకున్నాడు. దాన్ని పిరిడిన్‌లో ట్రిస్‌హైడ్రాక్సీమిథైల్ ఫాస్ఫీన్‌తో కలిపి వేడిచేస్తే ఆక్సిజన్ లేచిపోయి భాస్వరం ఆ చోట కూర్చుంది. పీట మారలేదు, కూర్చున్నవాడు మారాడు. అయితే ఒక ఆక్షేపణ ఉంది. ఆయన వలయానికి మూడు ఫీనైల్ గుంపులున్నాయి. వాటిలో రెండు భాస్వరానికి అటూ ఇటూ ద్వారపాలకుల్లా నిలిచి పొరుగు అణువులను దగ్గరకు రానివ్వవు. వలయం నిలిచింది సొంత బలం మీదా, కాపలా వల్లా? న్యాయమైన ప్రశ్న.

దానికి జవాబు 1971లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఆర్థర్ ఆష్ దారి చూడముచ్చటైనది. రెండు కొసల్లో త్రిబంధాలున్న అయిదు కార్బన్ల గొలుసు పెంటాడైన్. దానికి డైబ్యూటైల్ టిన్ డైహైడ్రైడ్ కలిపితే రెండు కొసలూ తగరాన్ని పట్టుకుని ఆరు పరమాణువుల వలయమవుతుంది. తగరం అక్కడ కాపురం చేయడానికి రాలేదు. ఫాస్ఫరస్ ట్రైబ్రోమైడ్ పోస్తే భాస్వరం, ఆర్సెనిక్ ట్రైక్లోరైడ్ పోస్తే ఆర్సెనిక్ ఆ చోటులోకి వస్తాయి, తగరం హాలోజన్లను మూటగట్టుకుని తప్పుకుంటుంది. మిగిలిన ఒక్క హైడ్రోజన్‌నూ హాలోజన్‌నూ క్షారం సాయంతో లాగేస్తే చేతికొచ్చేది ఫాస్ఫాబెంజీన్, లేదా ఆర్సాబెంజీన్. ఫీనైళ్లు లేవు, ద్వారపాలకులు లేరు. గాలి పడదు గానీ, రెండూ సీసాలోకి పట్టగలిగిన రంగులేని ద్రవాలే.

వలయం కట్టినంత మాత్రాన బెంజీన్‌లా ఆరోమాటిక్, అంటే ఎలక్ట్రాన్లను చుట్టూ పంచుకునేది, అయిపోతుందా అని అడగవచ్చు. ఈ పేరు వాసనను బట్టి పుట్టింది కానీ వాసనతో దానికిప్పుడు సంబంధం లేదు. ఇదే కుటుంబంలో ఆరో చోట నైట్రోజన్ ఉన్న పిరిడిన్ సీసా మూత తీసినవారికి ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లు గబ్బిలాల కంపు’ అన్న సామెత గుర్తుకు రాకమానదు. తేల్చవలసింది కొలతలే. మామూలు భాస్వరం-కార్బన్ ఏకబంధం సుమారు 1.84 ఆంగ్‌స్ట్రామ్‌లు, ద్విబంధం సుమారు 1.67. ఫాస్ఫాబెంజీన్ వలయంలో రెండు వైపులా సమానంగా 1.73. అంటే ఎలక్ట్రాన్లు ఒక బంధానికి కట్టుబడకుండా చుట్టూ తిరుగుతున్నాయి. అంత పెద్ద పరమాణువు ఇమడడానికి వలయం ఒక మూల సాగింది. బెంజీన్‌లో 120 డిగ్రీలుండే కోణం భాస్వరం దగ్గర సుమారు 101, ఆర్సెనిక్ దగ్గర సుమారు 97. ఆర్సాబెంజీన్ ఫ్రీడెల్-క్రాఫ్ట్స్ చర్యకు లొంగుతుంది. బెంజీన్ చేసే పని అది, పిరిడిన్ మొండికేసేది.

ఇంత జరిగాక నియమం చిత్తయినట్టేగా అంటే, కాదు. ఆష్ అదే తగరం దారిలో మరో రెండు మెట్లు దిగాడు. ఆంటిమొనీ వలయం ఏర్పడింది గానీ త్వరగా ముద్దకట్టేది. బిస్మత్ వలయాన్ని పట్టుకోవాలంటే పుట్టిన వెంటనే వేరే అణువుతో బంధించి, ఆ ఉత్పన్నాన్ని చూపించి పుట్టిందని రుజువు చేయాల్సి వచ్చింది. నైట్రోజన్ నుంచి బిస్మత్ దాకా ఈ దిగుడు పిట్జర్, మల్లికెన్ చెప్పిన క్రమంలోనే సాగింది. గోడ అనుకున్నది ఏటవాలు. 2016లో జపాన్ పరిశోధకులు బిస్మత్ వలయాన్ని విడిగా పట్టుకోగలిగారంటే, అది స్థూలమైన గుంపులను మళ్లీ ద్వారపాలకులుగా పెట్టబట్టే.

అయితే నియమం గంతలు కట్టిందనేవారికి ఒక మాట ఒప్పుకోవాలి. పిరిలియం వలయానికి అమ్మోనియా తగిలిస్తే ఆక్సిజన్ పోయి నైట్రోజన్ వస్తుందని రసాయనవేత్త బేయర్ కాలానికే, అంటే ఎర్లిష్ మందు అమ్ముడవుతున్న రోజుల నాటికే, తెలుసు. అమ్మోనియా చోట భాస్వరం పెట్టి చూడాలన్న ఆలోచన ఫలించడానికి అరశతాబ్దం పట్టింది. అనువైన ఫాస్ఫీన్లు చేతికి రావడం కొంత కారణం. ఎలాగూ రాదన్న నమ్మకం మిగతా కారణం కావచ్చు. అదీ నియమం చేసిన పని కాదు, దాన్ని చదివినవాళ్లది. ఇక చోటు దక్కించుకున్న భాస్వరం నైట్రోజన్ అడుగుజాడల్లో నడిచిందా అంటే అదీ లేదు. పిరిడిన్ ఆమ్లం దొరికితే వెంటనే ప్రోటాన్‌ను పట్టుకుంటుంది. ఆ పట్టును కొలిచే సంఖ్య, అంటే దాని సంయుగ్మ ఆమ్లం పీకేఏ, 5.2. ఫాస్ఫాబెంజీన్‌కు అది మైనస్ 16 దాకా పడిపోతుంది, ప్రోటాన్ వంక చూడనే చూడదు. రోడియం లోహాన్ని మాత్రం పట్టుకుంటుంది. 1990లలో జర్మనీలో బెర్న్‌హార్డ్ బ్రైట్ ఆ పట్టునే వాడుకుని, ఆల్కీన్లను ఆల్డిహైడ్లుగా మార్చే ఉత్ప్రేరకాలు తయారుచేశాడు.